వార్నర్, రషీద్, భువనేశ్వర్: జట్టు మీద కోపం వచ్చినప్పుడు ఏది తప్పు, ఏది కాదు

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. మీరు 2016 నుంచి ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ హైదరాబాద్ అభిమాని అని, కెప్టెన్ డేవిడ్ వార్నర్‌ను తొలగించిన తీరు, రషీద్ ఖాన్‌ను వదులుకోవడం, చివరికి భువనేశ్వర్ కుమార్ కూడా వెళ్ళిపోవడం మీ మనసు విరిచేశాయని రాశారు. ఉప్పల్‌లో, మన సొంత మైదానంలో, చెన్నై అభిమానుల పసుపు చొక్కాలు నిండిపోతే చూడలేకపోతున్నానని, బెంగళూరు జట్టును అభిమానించే చిన్ననాటి స్నేహితుడితో మాటలు కూడా ఆగిపోయాయని చెప్పి, ఈ జట్టును ఇక వదిలేయాలా అని అడిగారు.

నేను హైదరాబాద్ లీగ్ క్రికెట్‌లో ముప్పై ఏళ్లకు పైగా స్కోరరుగా పనిచేశాను. 2008లో, సన్‌రైజర్స్‌కు ముందున్న డెక్కన్ చార్జర్స్ మొదలైనప్పటి నుంచి ఈ నగరం జట్టు ఆడే మ్యాచ్‌లను ఇంట్లో టీవీ ముందు కూర్చొని కూడా పుస్తకంలో బంతి బంతికీ రాసుకుంటూ వస్తున్నాను. కాబట్టి మీరు చెప్పిన బాధల్లో ఏ ఒక్కటీ నాకు కొత్త కాదు. వదిలేయవద్దనే నా సలహా. అయితే మీ కోపం తప్పని కూడా చెప్పను. జట్టు తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ మీరు ఒకే గాటన కట్టారు. అందులో కొన్ని నియమాల వల్ల తప్పనిసరి అయినవి, కొన్ని అంచనా తప్పినవి, ఒకటి మాత్రం మనిషి పట్ల మర్యాద తప్పినది. ఈ మూడింటి మీదా ఒకే కోపం పెట్టుకుంటే, నిజంగా నిలదీయవలసిన చోట మన మాటకు బలం ఉండదు.

ముందుగా వార్నర్ సంగతి తీసుకుందాం, ఎందుకంటే అందరికన్నా లోతైన గాయం అదే. 2014 నుంచి 2021 వరకు ఆయన ఈ జట్టుకు 4,000కు పైగా పరుగులు చేశారు. 2015, 2017, 2019 సంవత్సరాల్లో, సీజన్లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసినవారికిచ్చే ఆరెంజ్ క్యాప్ ఆయనదే. 2016లో 848 పరుగులు చేసి కప్పు తెచ్చారు. ఆ ఏడాది మే 29న బెంగళూరులో జరిగిన ఫైనల్లో 38 బంతుల్లో 69 పరుగులతో ఇన్నింగ్స్‌ను నిలబెట్టింది కూడా ఆయనే. తెలుగు పాటలకు ఇంటిల్లిపాదితో కలిసి చిందులు వేసి మన ఇళ్లల్లో మనిషైపోయారు. అలాంటి వ్యక్తిని 2021 మే 1న, సీజన్ మధ్యలో, కెప్టెన్సీ నుంచి తప్పించారు. మరుసటి రోజు ఢిల్లీలో రాజస్థాన్‌తో జరిగిన మ్యాచ్‌లో తుది జట్టులో కూడా చోటు ఇవ్వలేదు. బట్లర్ 124 పరుగులు చేసిన ఆ మ్యాచ్‌లో మన జట్టు 55 పరుగుల తేడాతో ఓడిపోతుంటే, వార్నర్ బయట కూర్చొని సహచరులకు నీళ్లు అందించారు.

ఇక్కడ రెండు విషయాలను విడివిడిగా చూడాలి. కెప్టెన్‌ను మార్చడానికి క్రికెట్ పరంగా కారణాలు లేకపోలేదు. అప్పటికి ఆడిన 6 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. వార్నర్ 193 పరుగులు చేసినా, వంద బంతులకు 110 పరుగుల వేగంతోనే చేశారు. చెన్నై మీద 55 బంతుల్లో 57 పరుగులు చేసిన మ్యాచ్ తరువాత, తాను నెమ్మదిగా ఆడినందుకు బాధ్యత తనదేనని ఆయనే ఒప్పుకున్నారు. 2018లో వార్నర్ నిషేధంలో ఉన్నప్పుడు 735 పరుగులు చేసి జట్టును ఫైనల్‌కు తీసుకువెళ్లిన విలియమ్సన్ పక్కనే ఉన్నప్పుడు, పగ్గాలు ఆయనకు ఇవ్వాలని అనుకోవడం మూర్ఖత్వం కాదు. ఆ రోజు నాకు కూడా నిర్ణయం మీద అంత కోపం రాలేదు.

కోపం వచ్చింది ఆ తరువాత. తనను ఎందుకు తప్పించారో ఎవరూ వివరించలేదని వార్నర్ తరువాత బహిరంగంగానే చెప్పారు. సెప్టెంబరులో దుబాయ్‌లో సీజన్ మళ్లీ మొదలయ్యాక రెండు మ్యాచ్‌లలో విఫలమైతే మళ్లీ పక్కన పెట్టారు. అయినా ఆయన గ్యాలరీలో కూర్చొని ఈ జట్టు జెండా ఊపిన దృశ్యం మీరు చూసే ఉంటారు. ఆ సీజన్లో 14 మ్యాచ్‌లకు 3 గెలిచి అట్టడుగున నిలిచాం. అది ముగిసిన నెల రోజులకే వార్నర్ 289 పరుగులతో టీ20 ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచి ఆస్ట్రేలియాకు కప్పు అందించారు. మరుసటి ఏడాది మే 5న ఢిల్లీ తరఫున మన మీదే 58 బంతుల్లో 92 పరుగులు చేసి అజేయంగా నిలిచారు. ఆఖరి ఓవర్లో శతకం అందే దూరంలో ఉండి కూడా, అవతల పావెల్ ధాటిగా కొడుతున్నాడని స్ట్రైక్ అతనికే వదిలేశారు. నేను ఆ ఓవర్ రాస్తూ రాస్తూ పెన్ను కాసేపు పక్కన పెట్టవలసి వచ్చింది. ఇలాంటి మనిషిని సాగనంపే పద్ధతి అది కాదు. ఆటగాడిని తీసేయవచ్చు, అమ్మవచ్చు, వదులుకోవచ్చు, కానీ ఎనిమిదేళ్లు ఇంటి మనిషిగా ఉన్నవాడికి ముఖాముఖి కారణం చెప్పి, నలుగురి ముందు ఒక దండ వేసి పంపాలి. ఈ ఒక్క విషయంలో మీ కోపం నూటికి నూరుపాళ్లూ న్యాయమైనది. అది తగ్గనవసరం కూడా లేదు.

రషీద్ ఖాన్ విషయం ఇలాంటిది కాదు. 2022 సీజన్‌కు ముందు లీగ్‌లోకి రెండు కొత్త జట్లు వచ్చాయి కాబట్టి, పాత జట్లు నలుగురిని మించి అట్టిపెట్టుకోవడానికి వీల్లేకపోయింది. ఎవరిని ఏ స్థానంలో ఉంచితే వేలానికిచ్చే డబ్బులోంచి ఎంత తగ్గుతుందో కూడా ముందే నిర్ణయించారు. మన యాజమాన్యం విలియమ్సన్‌కు 14 కోట్లు, అప్పటికి అంతర్జాతీయ మ్యాచ్ ఆడని అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్‌లకు చెరో 4 కోట్లు కేటాయించి, 68 కోట్లతో వేలానికి వెళ్లింది. రషీద్ మొదటి స్థానం కోరుకున్నాడని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చివరికి గుజరాత్ అతన్ని 15 కోట్లకు తీసుకొని మొదటి సీజన్లోనే కప్పు గెలిచింది.

ఇది మర్యాద తప్పడం కాదు, అంచనా తప్పడం. మ్యాచ్ నడిచే ప్రతి దశలోనూ 4 ఓవర్లు నమ్మకంగా వేయగల స్పిన్నర్ ప్రపంచంలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా, అతని స్థానాన్ని వేలంలో కొనుక్కోవచ్చని అనుకున్నారు. ఆ డబ్బుతో పూరన్‌కు 10.75 కోట్లు, వాషింగ్టన్ సుందర్‌కు 8.75 కోట్లు పెట్టారు. ఫలితం ఎలా వచ్చిందో నా పుస్తకంలో ఒక్క వరుసలో ఉంది. 2022 ఏప్రిల్ 27, వాంఖడే, గుజరాత్‌తో మ్యాచ్. మనం 195 పరుగులు చేశాం. రషీద్ బంతితో 45 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు. ఉమ్రాన్ 25 పరుగులకు 5 వికెట్లు పడగొట్టాడు. ఆ క్షణం వరకు, వదులుకున్నవాడి కన్నా ఉంచుకున్నవాడే మిన్న అని యాజమాన్యం గర్వంగా చెప్పుకోగలిగేది. ఆఖరి ఓవర్లో గుజరాత్‌కు 22 పరుగులు కావాలి. యాన్సెన్ బంతి అందుకున్నాడు. తెవాటియా ఒక సిక్సర్, ఒక సింగిల్. తరువాత నాలుగు బంతులూ రషీద్‌వే: సిక్సర్, సున్నా, సిక్సర్, సిక్సర్. నా పుస్తకంలో ఆ గడి 6, 1, 6, 0, 6, 6 అని ఉంది. చివరి అంకె కాగితం చిరిగేంత గట్టిగా రాశాను. అయినా ఆ రాత్రి రషీద్ మీద నాకు కోపం రాలేదు, అతను తన పని చేశాడు.

భువనేశ్వర్ విషయానికి వస్తే, మీరు యాజమాన్యాన్ని నిందించడంలో కొంత తొందరపడ్డారని అనుకుంటున్నాను. 2014 నుంచి 2024 వరకు పదకొండు సీజన్లు ఇక్కడ ఆడి, 2016లో 23 వికెట్లతో, 2017లో 26 వికెట్లతో, అందరికన్నా ఎక్కువ వికెట్లు తీసినవారికిచ్చే పర్పుల్ క్యాప్ తెచ్చిన బౌలర్ వెళ్ళిపోతే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. 2016 ఫైనల్లో గేల్, కోహ్లి కలిసి 10.3 ఓవర్లలో 114 పరుగులు కొట్టిన రోజున, ఒక్క వికెట్టూ తీయకుండానే 4 ఓవర్లలో 25 పరుగులు మాత్రమే ఇచ్చి 8 పరుగుల తేడాతో కప్పు మన చేతిలో పెట్టినవాడు ఆయన. ఆ రాత్రి అందరూ మన ఆల్‌రౌండర్ బెన్ కటింగ్ గురించి మాట్లాడుకున్నారు, అందులో తప్పు లేదు, కానీ స్కోరు పుస్తకం ముందు కూర్చున్నవాడికి ఆ 25 అంకె విలువ తెలుస్తుంది.

అయితే 2025 వేలానికి ముందు నియమాలు చూడండి. మొత్తం ఆరుగురిని ఉంచుకోవచ్చు, వారిలో అంతర్జాతీయ క్రికెట్ ఆడినవారు ఐదుగురికి మించకూడదు. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, ట్రావిస్ హెడ్‌కు చెరో 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. మొత్తం 75 కోట్లు. నితీశ్ ఆ అక్టోబరులోనే బంగ్లాదేశ్ మీద భారత జట్టుకు ఆడాడు కాబట్టి, అతను కూడా ఆ ఐదుగురి లెక్కలోకే వచ్చాడు. ఇక మిగిలిన ఒక్క అవకాశం అంతర్జాతీయ మ్యాచ్ ఆడని ఆటగాడికి మాత్రమే పనికివస్తుంది. అంటే వేలంలో పాత జట్టు ధర సరితూచి వెనక్కి తెచ్చుకునే హక్కు భువనేశ్వర్ విషయంలో మనకు లేనే లేదు. 120 కోట్లలో మిగిలిన 45 కోట్లతో మిగతా జట్టంతా కట్టుకోవాలి, ఆయన ధర 10.75 కోట్లకు వెళ్లింది. ఆ ఐదుగురిలో ఎవరిని వదులుకొని భువనేశ్వర్‌ను ఉంచాలో మీరే ఒకసారి కాగితం మీద రాసి చూడండి. వైజాగ్ కుర్రవాడు నితీశ్‌ను వదిలేద్దామా? నేను రాసి చూశాను, నావల్ల కాలేదు.

కానీ ఆ తరువాత జరిగిన కొనుగోళ్లను మాత్రం విమర్శించవలసిందే. 286 పరుగులు చేయగల బ్యాటింగ్ ఉన్న జట్టు, ఆరంభంలో బంతిని స్వింగ్ చేసేవాడు, చివర్లో యార్కర్ వేసేవాడు లేకుండా సీజన్‌లోకి దిగింది. నటరాజన్ కూడా అదే 10.75 కోట్లకు ఢిల్లీకి వెళ్లాడు. గాయం నుంచి తిరిగివచ్చిన షమీ మీద 10 కోట్లు పెట్టారు. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ 245 పరుగులు చేసినప్పుడు ఆయన 4 ఓవర్లలో 75 పరుగులిచ్చారు. అభిషేక్ 55 బంతుల్లో 141 పరుగులు చేసి ఆ మ్యాచ్‌ను గెలిపించాడు గానీ, ప్రతి రాత్రీ ఎవరో ఒకరు 141 చేయరు. ఆ సీజన్ ఆరో స్థానంలో ముగిసింది.

అభిషేక్ పేరు వచ్చింది కాబట్టి నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. 2019 సీజన్‌కు ముందు శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చేసి, బదులుగా ముగ్గురిని తెచ్చుకున్నారు. విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, ఇంకా 18 ఏళ్ల అభిషేక్ శర్మ. మన ఓపెనర్‌ను పప్పుబెల్లాలకు అమ్మేశారని అప్పుడు నేను నలుగురి ముందూ యాజమాన్యాన్ని తిట్టిపోశాను. 2024లో అదే కుర్రవాడు 42 సిక్సర్లతో 484 పరుగులు చేసి మనల్ని ఫైనల్‌కు చేర్చాడు. ఆ బదిలీ మంచిదో చెడ్డదో తెలియడానికి ఆరేళ్లు పట్టింది. కమిన్స్‌కు 20.50 కోట్లు పెట్టినప్పుడు కూడా ఇలాగే గొడవపడ్డాం, ఆ ఏడాదే ఫైనల్ ఆడాం. చెన్నైలో 113 పరుగులకే కుప్పకూలి కోల్‌కతా చేతిలో ఓడిపోయిన బాధ వేరు, కానీ అంతకు ముందు ఏడాది పదో స్థానంలో ఉన్నామని మరచిపోకూడదు.

ఈ జట్టు మీద నాకున్న అసలు ఫిర్యాదు మీ ప్రశ్నలో లేదు. మన వాకిట్లో పెరిగిన పిల్లలను మనం గుర్తించడం లేదు. సిరాజ్‌ను 2017లో 2.6 కోట్లకు కొన్నది మన జట్టే. 6 మ్యాచ్‌లలో 10 వికెట్లు తీసిన ఆటో డ్రైవర్ కొడుకును మరుసటి ఏడాది వేలంలో బెంగళూరుకు వదిలేశాం. 2025 ఏప్రిల్ 6న అతను గుజరాత్ చొక్కా వేసుకొని ఉప్పల్‌కు వచ్చాడు. మొదటి ఓవర్లోనే హెడ్‌ను ఔట్ చేసి, మొత్తం 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఆ రోజు గ్యాలరీలో నారింజ చొక్కాలు వేసుకున్నవాళ్ళే లేచి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు. నగరం పేరు చొక్కా మీద ఉన్నప్పుడు, ఆ నగరం మైదానాల్లో ఏం జరుగుతోందో చూసే కళ్లు జట్టుకు ఉండాలి. నితీశ్‌ను 20 లక్షలకు తెచ్చి ఓపికగా పెంచారు కాబట్టి, తలచుకుంటే చేయగలరని తెలుస్తూనే ఉంది. యాజమాన్యాన్ని నిలదీయాలనుకుంటే ఈ ప్రశ్నతో నిలదీయండి.

ఇక ఉప్పల్‌లో పసుపు రంగు. 2024 ఏప్రిల్ 5న నేను అక్కడే ఉన్నాను. చెన్నై ఇన్నింగ్స్ చివరి ఓవర్లో ధోనీ మెట్లు దిగి వస్తుంటే పుట్టిన హోరుకు నా పక్క సీటులోని పదేళ్ల పిల్ల చెవులు మూసుకుంది. ఆ పిల్ల వేసుకున్నది నారింజ చొక్కా, వాళ్ల నాన్న వేసుకున్నది పసుపు చొక్కా. మ్యాచ్ తరువాత కమిన్స్ కూడా తాను విన్న అతి పెద్ద హోరు అదేనన్నట్టు మాట్లాడారు. మనమే 6 వికెట్ల తేడాతో గెలిచాం, అయినా బయటికి వస్తుంటే మీలాగే నాకూ ఏదో వెలితిగా అనిపించింది.

దాని మూలం ఆ తండ్రి వయసులో ఉంది. అతను కాలేజీలో ఉండి ఉండవలసిన రోజుల్లో, 2009లో, డెక్కన్ చార్జర్స్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో కప్పు గెలిచింది. కానీ మన దేశంలో ఎన్నికల కారణంగా ఆ ఏడాది లీగ్ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది. జొహన్నెస్‌బర్గ్‌లో ఆర్పీ సింగ్ చివరి ఓవర్ వేస్తుంటే హైదరాబాద్ ఆ విజయాన్ని టీవీలోనే చూసింది. మరుసటి ఏడాది, చాంపియన్ల హోదాలో సొంత మైదానంలో ఆడవలసినప్పుడు, తెలంగాణ ఉద్యమం కారణంగా సొంత మ్యాచ్‌లన్నీ కటక్, నాగపూర్, నవీ ముంబైలకు తరలిపోయాయి. 2011కు రోహిత్ శర్మ ముంబైకి వెళ్లిపోయాడు. 2012లో జట్టే రద్దయింది. కుర్రకారు మనసులో ఒక జట్టు వేళ్లూనుకోవలసిన ఆ ఐదేళ్లలో మనకు నాయకుడు నిలవలేదు, మైదానం నిలవలేదు, చివరికి పేరూ నిలవలేదు. అదే కాలంలో చెన్నైకి ఒకే కెప్టెన్, ఒకే రంగు. ఉప్పల్‌లో 2017లో, 2019లో ఫైనల్స్ జరిగితే రెండింటిలోనూ మనం లేము. ఆ తండ్రి మనకు ద్రోహం చేసినవాడు కాదు, మనకు జట్టు నిలకడగా లేని రోజుల్లో పక్కింట్లో అన్నం తిని పెరిగినవాడు. అతని కూతురు మాత్రం నారింజ రంగు వేసుకుంది. అభిషేక్, నితీశ్, క్లాసెన్ ఇక్కడే కుదురుగా ఉంటే ఆ పిల్ల రంగు మారదు. వార్నర్‌కు జరిగింది మళ్లీ జరగకూడదని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం కూడా అదే.

చివరగా మీ స్నేహితుడి విషయం. మైదానంలో పోటీ ఎంత గట్టిగా ఉన్నా మంచిదే. 2009లో 6 పరుగులు, 2016లో 8 పరుగులు, రెండు ఫైనల్స్‌లోనూ బెంగళూరును మనం ఓడించాం. 2024 ఏప్రిల్ 15న వాళ్ల మైదానంలోనే 287 పరుగులు కొట్టాం. వీటిని తలచుకొని ఆనందించే హక్కు మీకుంది, మిమ్మల్ని ఆటపట్టించే హక్కు అతనికీ ఉంది. కానీ ఆ 287లో 41 బంతులకే 102 పరుగులు చేసింది ట్రావిస్ హెడ్. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో మన మీద 137 పరుగులు చేసి దేశమంతటినీ ఏడిపించినవాడు అతనే. ఆ రాత్రి అతన్ని తిట్టినవాళ్లలో మీరూ నేనూ ఉండే ఉంటాం. సరిగ్గా నెల రోజుల తరువాత, డిసెంబరు 19న, 6.80 కోట్లకు మన ఇంటి మనిషయ్యాడు. ఆటగాళ్లు మూడేళ్లకొకసారి చొక్కాలు మార్చుకునే ఈ లీగ్ కోసం, బడిలో పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడిని దూరం చేసుకోవడం నాకు భరించరానిదిగా అనిపిస్తోంది. ఆట గురించి ఎంతైనా వాదించండి. ఆటగాళ్ల ఇంటివాళ్ల జోలికీ, మీ ఇద్దరి ఇంటివాళ్ల జోలికీ మాట వెళ్తే మాత్రం ఆ క్షణమే ఆపేయండి. బహుశా మీ మధ్య మాటలు ఆగిపోయింది అలాంటి చోటే అయి ఉంటుంది.

2025 జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు గెలిచినప్పుడు, ఆ జట్టులో భువనేశ్వర్ ఉన్నాడు. మీరు పదకొండేళ్లు చూసిన ఆ చేతి మణికట్టు గురించి, కొత్త బంతితో అతను ఎప్పుడు ఎటు వంచుతాడో దాని గురించి, మీ స్నేహితుడికన్నా మీకే ఎక్కువ తెలుసు. ఈ వారమే ఫోన్ చేయండి. ఆ ఫైనల్లో మా భువీ ఎలా వేశాడో నువ్వు చెప్పు, వింటాను అని అడగండి.